భీమిలి సమాధుల్లోని వాళ్లు ఏ జబ్బుతో పోయారో పాత డీఎన్‌ఏ చెప్పగలదా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. భీమిలిలో డచ్ వాళ్ల సమాధులు, వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గరున్న యూరోపియన్ శ్మశానం చూసొచ్చారు. రాళ్ల మీద వయసులు లెక్కేస్తే పాతిక, ముప్పై దాటని వాళ్లూ, పసిపిల్లలూ చాలామందే ఉన్నారు. ఎలా పోయారో మాత్రం రాయలేదు. కలరానా, ప్లేగా, మలేరియానా? ఒక్క పన్ను దొరికితే చాలు, ల్యాబ్‌లో తేల్చేస్తారని ఏదో వీడియోలో విన్నారు. నిజమేనా అని మీ సందేహం.

ప్లేగు అయితే తేలొచ్చు. మలేరియా అయితే చాలా అదృష్టం కలిసిరావాలి. కలరా అయితే ఆ పంటిలో వెతకడమే దండగ. వీడియోలో చెప్పనిది ఇదే. ముందు ఫలానా జబ్బు మనిషి ఒంట్లో ఎక్కడ కాపురం పెడుతుందో తెలియాలి, ఆ తర్వాతే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. నేను పాత డీఎన్‌ఏ ల్యాబుల్లో చాలాకాలం పనిచేసి ఇప్పుడు వైజాగ్‌లో స్థిరపడ్డాను. అందుకని మన నేల, మన ఉక్కపోత సంగతి కూడా కలిపి చెప్తాను.

పన్నే ఎందుకంటే, పంటి లోపల పల్ప్ అనే మెత్తటి భాగం ఉంటుంది, దానిలోకి రక్తనాళాలు వెళ్తాయి. మనిషి చనిపోయే సమయానికి రక్తంలో సూక్ష్మజీవులు దండిగా ఉంటే, అవి ఆ చిన్న గదిలోనే ఎండిపోయి ఉండిపోతాయి. చుట్టూ ఎనామిల్ గోడ ఉంటుంది కాబట్టి మట్టిలోని నీరూ, బ్యాక్టీరియా అంత తేలిగ్గా లోపలికి రావు. తీసే పద్ధతి చెప్తే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. పన్నుని పైన బ్లీచుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి యూవీ కింద పెడతాం. తర్వాత వేరు మొదలయ్యే చోట సన్నటి డైమండ్ చక్రంతో అడ్డంగా కోస్తాం. నిదానంగా కొయ్యాలి. తొందరపడి స్పీడు పెంచితే వేడెక్కి, వెంట్రుక కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే లోపలున్న కాస్త డీఎన్‌ఏని కూడా మనమే ఉడకబెట్టేస్తున్నట్టు. కోసిన రెండు ముక్కల్లోనూ పల్ప్ గది గోడలని డ్రిల్లుతో మెల్లగా గీకితే లేత గోధుమరంగు పొడి రాలుతుంది. యాభై మిల్లీగ్రాములు వస్తే సంతోషం. దాన్ని కాల్షియంని లాగేసే ఈడీటీఏ, ప్రొటీన్లని తెంచే ప్రొటీనేజ్ కె కలిపిన ద్రావణంలో రాత్రంతా తిప్పుతూ ఉంచితే కాల్షియం కరిగి డీఎన్‌ఏ బయటికొస్తుంది, సిలికాకి అంటించి పట్టుకుంటాం. ఇదంతా ఒళ్లంతా కప్పే సూటు, రెండు జతల గ్లౌజులు, మాస్కు వేసుకుని చెయ్యాలి. బయటి గాలి లోపలికి రాకుండా గదిలో ఒత్తిడి కొంచెం ఎక్కువగా ఉంచుతారు. మన చెమట చుక్క ఒక్కటి పడితే, మూడొందల ఏళ్ల నాటి మనిషి బదులు మన డీఎన్‌ఏనే చదువుకుంటూ కూర్చుంటాం.

ప్లేగు ఈ పద్ధతికి అచ్చొచ్చిన జబ్బు, ఎందుకంటే చివరి దశలో బ్యాక్టీరియా రక్తం నిండా ఉంటుంది. అయినా అది కూడా గొడవ లేకుండా తేలలేదు. 1998లో ఫ్రెంచి పరిశోధకులు పాత సమాధుల్లోని పళ్ల నుంచి ప్లేగు డీఎన్‌ఏ దొరికిందని ప్రకటించారు. 2004లో ఇంకో బృందం వేరేచోట్ల పళ్లతో ప్రయత్నిస్తే ఏమీ రాలేదు. కొన్నేళ్లు వాళ్లది కాలుష్యం అని వీళ్లు, వీళ్లకి చేతకాలేదని వాళ్లు వాదించుకున్నారు. 2011లో లండన్‌లోని ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్ శ్మశానం నుంచి ప్లేగు క్రిమి ఎర్సినియా పెస్టిస్ జీనోమ్ (దాని డీఎన్‌ఏ రాత అంతా) మొత్తం చదవగలిగాక ఆ రగడ చల్లారింది. అది 1348-50 మధ్య, బ్లాక్ డెత్ అనే మహా ప్లేగులో పోయినవాళ్ల కోసమే తవ్విన శ్మశానం. తర్వాత జర్మనీలోని ఆష్‌హైమ్‌లో దొరికిన పళ్లు, ఆరో శతాబ్దపు జస్టీనియన్ ప్లేగు కూడా ఇదే క్రిమి పనేనని చూపించాయి. 2015లో ఇంకా వెనక్కి, దాదాపు ఐదువేల ఏళ్ల కిందటి మనుషుల పళ్లలోనూ ఇది కనబడింది. చిత్రం ఏంటంటే ఆ తొలి రకాలకి వైఎంటీ అనే జీన్ లేదు. ఈగపేను (ఎలుకల ఒంటి మీద ఉండి రక్తం తాగే ఫ్లీ అనే పురుగు) కడుపులో బతకడానికి క్రిమికి అదే ఆసరా. అంటే ఎలుక, ఈగపేను, మనిషి అని మనం చదువుకున్న గొలుసు అప్పటికి తయారవ్వలేదన్నమాట.

మీరు సమాధి రాళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టారు కాబట్టి ఇంకో ఉదాహరణ. కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్ కుల్ సరస్సు దగ్గర కారా జిగాచ్ అనే చోట క్రైస్తవుల శ్మశానం ఉంది. అక్కడి రాళ్ల మీద సిరియాక్ లిపిలో తేదీలుంటాయి. 1338, 1339 సంవత్సరాల్లో రాళ్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది, కొన్నింటి మీద మహమ్మారితో పోయారని రాసే ఉంది. ఏ మహమ్మారో మాత్రం వందేళ్లకు పైగా తేలలేదు. 19వ శతాబ్దం చివర్లో తవ్విన ఆ ఎముకలు రష్యాలో భద్రంగా ఉండబట్టి, 2022లో ఏడుగురి పళ్లు పరీక్షించారు. ముగ్గురిలో ప్లేగు దొరికింది. యూరప్‌ని తుడిచిపెట్టిన రకానికి అది మూలపురుషుడి స్థానంలో నిలిచింది. ఇక్కడ రెండు సంగతులు గమనించండి. రాయి, తేదీ, పన్ను మూడూ కలిశాయి కాబట్టే అంత గట్టి మాట చెప్పగలిగారు. రెండోది, మిగతా నలుగురిలో ఏమీ రాలేదు. ఆ నలుగురూ వేరే జబ్బుతో పోయారని దానర్థం కాదు, డీఎన్‌ఏ మిగల్లేదని కావచ్చు. ఈ రంగంలో 'రాలేదు' అంటే 'లేదు' అని రాసేసేవాళ్లని నమ్మకండి.

ఇప్పుడు కలరా సంగతి. మన తీరానికి ఇదే పెద్ద ప్రశ్న. 1817లో బెంగాల్లో లేచిన కలరా మరుసటి ఏడాదికే మద్రాసు దాకా వచ్చింది, దారిలో ఉన్న మన తీరం దాన్ని తప్పించుకోలేదు. కానీ కలరా క్రిమి విబ్రియో కలరే పేగుల్లోనే ఉండి విషం కక్కుతుంది, సాధారణంగా రక్తంలోకి రాదు. మనిషి ఒంట్లో నీరంతా పోయి గంటల్లో చనిపోతాడు, ఎముక మీద చిన్న గీత కూడా పడదు, పంటిలోకి క్రిమి చేరదు. మరి పాత కలరా జీనోమ్ అసలే దొరకలేదా అంటే, దొరికింది, శ్మశానంలో కాదు. 1849లో ఫిలడెల్ఫియాలో కలరాతో పోయిన ఒకరి పేగు ముక్క అక్కడి ముటర్ మ్యూజియంలో సీసాలో ఉండిపోయింది. 2014లో దాన్నుంచి జీనోమ్ చదివారు. ఇప్పుడు లోకమంతా తిరుగుతున్న ఎల్ టార్ రకం కాదు, అంతకుముందు రాజ్యమేలిన క్లాసికల్ రకం అని తేలింది.

అందుకే వైజాగ్ కుర్రాళ్లెవరైనా ఈ పని మొదలుపెడతామంటే, గడ్డపార పక్కనపెట్టి పాత మెడికల్ కాలేజీల పేథాలజీ విభాగాల్లో నమూనాల సీసాలు, మైనపు బ్లాకులు వెతకమంటాను. మన ఆంధ్ర మెడికల్ కాలేజీ పుట్టింది 1923లో. ఏ పాత కాలేజీలోనైనా పాత నమూనాలు మిగిలి ఉంటే, వాటి రిజిస్టర్లు కూడా ఉంటే, అది సమాధుల కంటే పెద్ద నిధి. ఒక్క చిక్కు, ఆ సీసాల్లో ఎక్కువ ఫార్మలిన్. ఫార్మలిన్ డీఎన్‌ఏని గొలుసులు వేసి బిగించేస్తుంది, ఆల్కహాల్ నమూనాలే నయం. అయినా వదులుకోనక్కర్లేదు. 1918 ఫ్లూ వైరస్ బయటపడింది అలాంటి ఫార్మలిన్ నమూనాల్లోనే. అమెరికా సైన్యం దాచిన ఊపిరితిత్తుల మైనపు దిమ్మల నుంచి టాబెన్‌బర్గర్ బృందం 1997లో మొదటి ముక్కలు చదివింది, మిగతాది అలాస్కా మంచునేలలో పూడ్చిన ఒక శవం తీర్చింది. 2005కి జీనోమ్ పూర్తయింది. బెర్లిన్‌లో 1912 నాటి ఊపిరితిత్తి నమూనా నుంచి తట్టు వైరస్ వచ్చిందీ ఇలాగే. ఫ్లూ, తట్టు, డెంగ్యూ ఇవన్నీ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. ఆర్‌ఎన్‌ఏ చాలా తొందరగా ముక్కలైపోతుంది, మన మట్టిలో ఎముకల నుంచి వాటిని ఆశించకండి.

మశూచి మాత్రం డీఎన్‌ఏ వైరస్, రక్తంలోకీ వస్తుంది. లిథువేనియాలో 17వ శతాబ్దపు పసివాడి మమ్మీలోనూ, వైకింగుల కాలం నాటి పళ్లలోనూ దొరికింది. మన ఊళ్లలో అమ్మవారు పోసి పోయినవాళ్లకి లెక్కే లేదు, కానీ ఆ పళ్లు ఎక్కడున్నాయన్నదే సమస్య. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మలేరియా ఉందే, అది ఆశపెట్టి ఏడిపిస్తుంది. మన్యం జ్వరం అని మన పెద్దవాళ్లు దేనికి భయపడ్డారో, చాలావరకు ఇదే అయ్యుండాలి. పరాన్నజీవి రక్తంలోనే ఉంటుంది నిజమే, ఫాల్సిపారం అనే రకం అయితే కొంత ఎక్కువగా ఉంటుంది, వైవాక్స్ అనే రకం అయితే మరీ తక్కువ. ఇటలీలో రోమన్ల కాలం నాటి పళ్లలో ఫాల్సిపారం దొరికిందని 2016లో రాశారు. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో నాకు బాగా నచ్చిన కేసు నేపాల్‌లోని చోఖోపానీది. సముద్రమట్టానికి 2800 మీటర్ల ఎత్తున, దాదాపు 2800 ఏళ్ల కిందటి మనిషిలో ఫాల్సిపారం కనబడింది. ఆ చలిలో ఆ దోమ, ఆ పరాన్నజీవి బతకవు. అంటే ఆయన కింద మైదానానికి దిగి, జ్వరం తగిలించుకుని కొండెక్కాడు. పన్ను జబ్బుతో పాటు ప్రయాణం కూడా చెప్పింది. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది సికింద్రాబాద్‌లో అని మనం గర్వంగా చెప్పుకుంటాం. మన ఎముకల్లో దాని పాత జాడ వెతికే పని మాత్రం ఇంకా ముందుంది.

కుష్ఠు, క్షయ వేరే దారి. అవి ఏళ్ల తరబడి ముదిరి ఎముక మీదే గుర్తు వదులుతాయి, కాబట్టి ఏ ఎముక పరీక్షించాలో కంటికే తెలుస్తుంది. పైగా ఆ క్రిముల గోడకి మైనం లాంటి పూత ఉంటుంది, డీఎన్‌ఏ బాగా నిలుస్తుంది. 2013లో డెన్మార్క్ మధ్యయుగ శ్మశానంలోని ఒక పంటిలో వచ్చిన డీఎన్‌ఏలో దాదాపు 40 శాతం కుష్ఠు క్రిమిదే. మామూలుగా వెయ్యిలో ఒక వంతు వస్తే పండగ చేసుకుంటాం. మన దేశంలో రాజస్థాన్‌లోని బాలాథల్‌లో దాదాపు నాలుగువేల ఏళ్ల నాటి అస్థిపంజరంలో కుష్ఠు లక్షణాలు ఎముకల మీద గుర్తించారు.

ఇక మన వాతావరణం. చలి దేశాల్లో వచ్చిన ఫలితాలు చూసి మన దగ్గరా అంతే అనుకోవడం, ఐసుపెట్టెలోని చేపని చూసి హార్బర్‌లో ఎండకి వదిలేసిన చేప కూడా అలాగే ఉంటుందనుకోవడమే. వేడీ తేమా కలిస్తే డీఎన్‌ఏ గొలుసు తెగుతూనే ఉంటుంది. హర్యానాలో హరప్పా నాగరికత నాటి రాఖీగఢీలో 61 ఎముక నమూనాలు వెతికితే పనికొచ్చే జీనోమ్ ఒక్కరి నుంచే వచ్చింది. అది నాలుగువేల ఏళ్లకు పైబడిన కథ అనుకోండి. మీరు అడిగేది మూడొందల ఏళ్లది కాబట్టి మరీ నిరాశ అక్కర్లేదు. గోవాలో దొరికిన ఎముక 1624లో చనిపోయిన జార్జియా రాణి కెటెవాన్‌ది కావచ్చని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏతో చూపించారు. గోవా కూడా మనలాంటి సముద్రపు ఊరే, వానలు మనకంటే ఎక్కువ. పంజాబ్‌లో అజ్నాలా బావిలో దొరికిన 1857 నాటి సిపాయిల పళ్ల నుంచీ డీఎన్‌ఏ వచ్చింది.

కానీ మనిషి డీఎన్‌ఏ రావడం వేరు, క్రిమిది రావడం వేరు. పంటి పొడిలో వచ్చేదాంట్లో పెద్ద భాగం మట్టి బ్యాక్టీరియాది, కొంత మనిషిది. జబ్బు క్రిమిది లక్ష ముక్కల్లో ఒకటీ అరా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అందుకే కావాల్సిన క్రిమి జీనోమ్‌కి సరిపడే ఎరలు తయారుచేసి, వాటికి అతుక్కున్నవే ఏరుకుంటారు. ఖర్చు లక్షల్లోనే.

మోసం జరిగేదీ ఇక్కడే. మట్టిలో ప్రతి భయంకరమైన క్రిమికీ ఒక సాధువైన అన్నదమ్ముడు ఉంటాడు. ఆంత్రాక్స్‌కి దగ్గర చుట్టాలు ప్రతి పెరట్లోనూ ఉంటారు. క్షయకి చుట్టాలు నీళ్లలో, మట్టిలో ఉంటారు. కంప్యూటర్ ప్రోగ్రాంకి చిన్న ముక్క ఇస్తే అది డేటాబేసులో ప్రసిద్ధుడి పేరే చెప్తుంది. 2015లో న్యూయార్క్ సబ్‌వేలో ప్లేగు, ఆంత్రాక్స్ ముక్కలు ఉన్నాయని పత్రికలు గోలపెట్టాయి, తర్వాత ఆ పరిశోధకులే ఆ మాట సవరించుకోవాల్సి వచ్చింది. ప్లేగుకి గుర్తుగా ఏళ్ల తరబడి వాడిన పీఎల్‌ఏ జీన్‌ని పోలినవి మామూలు బ్యాక్టీరియాల్లోనూ ఉన్నాయని తర్వాత తేలింది. ఒక్క జీన్ దొరికిందని ఎవరైనా పేపర్లో వేస్తే, నేను మొదట ఆ ముక్కలు జీనోమ్ అంతటా సమానంగా పడ్డాయా, ఒకటి రెండు చోట్లే గుంపుగా పడ్డాయా అని చూస్తాను. గుంపుగా పడితే చుట్టం పనే.

రెండోది పాతదనం గుర్తు. డీఎన్‌ఏ పాతబడే కొద్దీ ముక్కల కొసల దగ్గర సైటోసిన్ అనే డీఎన్‌ఏ అక్షరం పాడై, ఇంకో అక్షరం థైమిన్‌లా కనబడుతుంది. గ్రాఫ్ గీస్తే రెండు కొసల్లో పైకి లేచి, మధ్యలో నేలకి ఆనుకుని ఉంటుంది. ముక్కలు కూడా 30 నుంచి 70 అక్షరాల పొడవే ఉంటాయి. ఎవరైనా 300 అక్షరాల ముక్కలు, చదునైన గ్రాఫ్ తెచ్చి 'డచ్ కాలం నాటి టైఫాయిడ్' అంటే, అది ఆ ల్యాబ్ ఫ్రిజ్‌లోని నిన్నటి టైఫాయిడ్ అయ్యుంటుంది. ఖాళీ ట్యూబు కూడా నమూనాలాగే మొదట్నుంచి చివరిదాకా నడిపారా అని కూడా అడగండి. దాని ఫలితం చూపించని వాళ్లతో వాదన వద్దు.

అన్నీ సరిపోయి క్రిమి దొరికినా, 'దీంతోనే చనిపోయాడు' అనడానికి లేదు. ప్లేగు రక్తంలో ఉంటే అనుమానమే లేదు, అంతే సంగతులు. క్షయ, హెపటైటిస్ బి అలా కాదు, మనిషి వాటితో ముప్పై ఏళ్లు బతికి పడవ మునిగి పోయుండొచ్చు. ఎదురుదిశలో, హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సు దగ్గర దొరికిన ఎముకల్లో జబ్బు క్రిముల కోసం చూస్తే ఏమీ రాలేదు. రాసినవాళ్లు దాన్ని బట్టి అంటురోగం కాదని తేల్చెయ్యకుండా, మోతాదు తక్కువై దొరక్కపోయి ఉండొచ్చని కూడా రాశారు. అదీ పద్ధతి.

ఇప్పుడు ఇందాక వదిలిన మాట. మన ఊరి జబ్బుల చరిత్రకి పెద్ద అడ్డంకి వేడి కాదు, చితి. 700 డిగ్రీలు దాటిన మంటలో ఎముకలో డీఎన్‌ఏ మిగలదు. మనలో చాలామందిని దహనం చేస్తాం, కాబట్టి కలరా, మశూచి ఏళ్లలో నష్టపోయిన జనంలో ఎక్కువమంది ఈ పద్ధతికి కనబడనే కనబడరు. బావికొండ బౌద్ధ క్షేత్రంలో భరిణెలో దొరికిన ఎముక గురించి కూడా నన్ను అడుగుతుంటారు, దహనం అయిన అస్థిక నుంచి డీఎన్‌ఏ ఆశించొద్దని అదే జవాబు. మిగిలేది క్రైస్తవుల, ముస్లింల సమాధులు, ఖననం ఆచారమున్న కొన్ని కులాలు, పూడ్చిపెట్టే పసిపిల్లలు. అంటే భీమిలి సమాధులు మొత్తం తవ్వినా తెలిసేది కంపెనీ వ్యాపారుల, సిపాయి అధికారుల కథ. పక్క వాడలో జాలరుల కథ కాదు. అందులోనూ వాళ్లు మన నీళ్లకి, దోమలకి కొత్తవాళ్లు, ఒకే జబ్బు ఇద్దరినీ ఒకలా పట్టదు.

తవ్వడం ఎలాగూ మన చేతిలో లేదు. శ్మశానంలోకి చొరబడి అవశేషాలని అవమానించడం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద నేరం. అధికారుల అనుమతి, చర్చి పెద్దల సమ్మతి లేకుండా ఎవరూ పన్ను ముట్టుకోకూడదు. దానికంటే ముందు కాగితం చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల ఖననం రిటర్నులు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుసలో ఉన్నాయి, డచ్ కంపెనీ కాగితాలు హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో, కలెక్టర్ల ఉత్తరాలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఏ నెలలో ఎంతమందిని పూడ్చారో ఒక పట్టీ గీస్తే సగం సంగతి తేలిపోతుంది. రెండు వారాల్లో కుప్పగా వస్తే ఒక రకం, ప్రతి ఏడూ వానలయ్యాక పెరిగితే ఇంకో రకం. 1815 ప్రాంతంలో గంజాం పట్నంలో జ్వరం విరుచుకుపడి దొరలు అక్కణ్నుంచి మకాం ఎత్తేశారు, కాగితాల్లో అది వట్టి 'జ్వరం'. ఇలాంటి చోట, ముందు పట్టీ గీసుకుని, ఫలానా నెల సమాధి అని ఎంచుకుంటేనే పంటికి అర్థం ఉంటుంది.

పాత సమాధి తెరిస్తే రోగం మళ్లీ లేస్తుందా అని చివర్లో అడిగారు. పంటిలో ఉన్నవి తెగిపోయిన డీఎన్‌ఏ ముక్కలు, వాటికి ప్రాణం లేదు. ఆంత్రాక్స్ బీజాలు మాత్రం మట్టిలో చాలా ఏళ్లు బతకగలవు, మశూచి పొక్కులున్న మమ్మీ దొరికితే కూడా జాగ్రత్తపడతారు. మన తడినేలలో అంత చర్మం మిగలదు.

వన్‌టౌన్‌లో డ్రైనేజీకో, కేబుల్‌కో తవ్వేటప్పుడు ఎముకలు బయటపడితే పని ఆపించి పోలీసులకీ, పురావస్తు శాఖకీ చెప్పండి. ఉన్నచోటే ఫొటో తీయండి, పక్కన కొలతకి స్కేలో, పెన్నో పెట్టండి. నీళ్లతో కడగొద్దు, ఎండలో పెట్టొద్దు, చేత్తో ముట్టొద్దు. నిపుణులు వచ్చేలోపు తియ్యక తప్పకపోతే, గ్లౌజులు వేసుకుని దవడ ఎముకని పళ్లతో సహా కాగితం కవర్లో పెట్టించండి, ప్లాస్టిక్ కవర్లో అయితే తేమ పట్టి బూజొస్తుంది. పంటి గార రాలకుండా చూడండి. అందులో నోటి క్రిముల డీఎన్‌ఏ పంటికంటే బాగా నిలిచిన సందర్భాలు చాలా ఉన్నాయి.